హత్యాయత్నం కేసులో ‘చంపాలనే ఉద్దేశం’ ఎలా తేలుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో ఇద్దరు కొట్టుకుంటే సాయంత్రానికి రచ్చబండ దగ్గర వినబడే మాట ఒకటే: "త్రీ నాట్ సెవెన్ కట్టారంటనా?" త్రీ నాట్ సెవెన్ అంటే హత్యాయత్నం సెక్షన్ 307. తల పగిలినా, చెయ్యి విరిగినా, ఆఖరికి చొక్కా చిరిగినా సరే, అవతలివాణ్ణి లోపల వేయించాలంటే 307 పడాల్సిందే అన్నది జనంలో పాతుకుపోయిన లెక్క. కేసు కట్టేదాకా ఆ లెక్క నడుస్తుంది. కోర్టులో మాత్రం వాడు కొట్టాడా లేదా అన్నది సగమే. చంపుదామనే కొట్టాడా అన్నది మిగతా సగం. ఈ రెండో సగం గురించి క్లయింట్లూ, వాళ్ల బంధువులూ, కొత్తగా కోటు తొడిగిన జూనియర్లూ అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. ఏ ఇద్దరి కేసూ ఒకలా ఉండదు కాబట్టి మీ కాగితాలు మీ వకీలుకు చూపించాకే ఓ నిర్ణయానికి రండి.

307 పోయిందంటున్నారు. 109 అంటే అదేనా?

అదే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ అమల్లోకి వచ్చింది. పాత భారత శిక్షాస్మృతి, అంటే ఐపీసీలోని 307 అందులో 109 అయ్యింది. దెబ్బ ఆ తేదీకి ముందు పడితే 307, ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ పడితే 109. ఎఫ్‌ఐఆర్ ఏ రోజు కట్టారన్న దానితో పనిలేదు. నంబరు మారింది గానీ సరుకు మారలేదు. అందుకే 307 మీద ఇన్నేళ్లుగా వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులన్నీ 109కీ పనికొస్తున్నాయి. హత్య నిర్వచనం 300 నుంచి 101కి, దాని శిక్ష 302 నుంచి 103కి వెళ్లాయి. జనం నోట ఇంకో ఇరవయ్యేళ్లయినా 307 అనే ఉంటుంది. అలవాటుకొద్దీ నేనూ అలాగే అంటాను.

సెక్షన్ అసలు ఏం రుజువు చేయమంటుంది?

రెండు సంగతులు. ఒకటి, నిందితుడు ఒక పని చేశాడు. రెండు, ఆ పని చేసేటప్పుడు వాడి ఉద్దేశం గానీ ఎరుక గానీ ఎలా ఉందంటే, ఒకవేళ దానివల్ల అవతలి మనిషి చనిపోయి ఉంటే అది హత్యే అయ్యేది. ఈ ‘ఒకవేళ’ దగ్గరే మొత్తం కథ ఉంది. జడ్జిగారు మనసులో బాధితుణ్ణి చనిపోయినట్టు ఊహించుకుని, "ఇప్పుడు ఈ కేసు 302 అయ్యేదా?" అని వేసి చూసుకోవాలి. అయ్యేదంటే 307. అయ్యేది కాదంటే 307 కాదు.

‘ఎరుక’ అన్న మాటను చాలామంది వదిలేస్తారు. జనం కిక్కిరిసిన చోట నాటుబాంబు విసిరినవాడు "ఫలానా మనిషిని చంపాలని నాకు లేదు" అంటే కుదరదు. ఎవరో ఒకరు పోతారని తెలిసే విసిరాడు, అది చాలు. అయితే మన జిల్లా కోర్టుల్లో నూటికి తొంభై కేసులు ఒక మనిషి మీద ఇంకో మనిషి చెయ్యెత్తిన రకమే. వాటిలో గొడవంతా ఉద్దేశం చుట్టూనే తిరుగుతుంది.

మనసులో ఏముందో కోర్టుకెలా తెలుస్తుంది? లోపలికి దూరి చూడలేరు కదా?

చూడలేరు. అందుకే బయటికి కనిపించిన వాటినిబట్టి లోపలిదాన్ని లెక్కగడతారు. ఏ ఆయుధం? ఎక్కడ కొట్టాడు? ఎంత బలంగా? ఎన్నిసార్లు? ముందు ఏమన్నాడు, తర్వాత ఏం చేశాడు?

ఈ లెక్కను తీరుగా చెప్పిన తీర్పు ఒకటి మన దగ్గరి నుంచి వెళ్లిన కేసులోనే ఉంది: పులిచర్ల నాగరాజు వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, సుప్రీంకోర్టు, 2006. అది హత్య కేసే గానీ, ఉద్దేశాన్ని పట్టుకునే పద్ధతి ఒకటే కాబట్టి 307లోనూ రెండు పక్షాలూ దాన్నే పట్టుకొస్తాయి. ఆయుధం ఇంటి నుంచి తెచ్చుకున్నాడా, అక్కడికక్కడ చేతికి దొరికిందా? దెబ్బ ఆయువుపట్టు మీద గురిపెట్టాడా? మాటామాటా పెరిగి జరిగిందా, ముందే అనుకున్నదా? పాత పగ ఉందా, కొత్తమొహాలా? రెచ్చగొట్టడం ఏమైనా ఉందా? ఒక్క దెబ్బా, వరసగా వేశాడా? కింద పడ్డవాణ్ణి కూడా వదల్లేదా? ఇలాంటివన్నీ కలిపి చూడమంది. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను కేసు తేల్చదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న మాత్రం వేరే ఉంటుంది: "వాడు ఎందుకు ఆగాడు?" ఎవరైనా వచ్చి పట్టుకుంటే ఆగాడా, ఆయుధం విరిగి ఆగాడా, మీరు పరుగెత్తి తప్పించుకున్నారా, లేక అవకాశం చేతిలో ఉండి కూడా తనే ఆగి వెళ్లిపోయాడా? చంపాలనుకున్నవాడికి అడ్డం లేనప్పుడు ఆగే పని లేదు. తనంతట తాను ఆగాడంటే, డిఫెన్సు వకీలు ఆ ఒక్క సంగతి మీద అరగంట వాదిస్తాడు, వాదించాలి కూడా.

ఒకే ఆయుధంతో రెండు చోట్ల కొట్టుకుంటే ఒక కేసు నిలిచి ఇంకోటి పోతుందేం?

రెండు కేసులు ఊహించుకోండి.

మొదటిది గట్టు తగాదా. పొద్దున్నే గడ్డి కోయడానికి వెళ్లినవాడికి, పక్క చేనువాడు గట్టు చెక్కుతూ కనిపించాడు. తిట్లు, తోపులాట. చేతిలో ఉన్న గడ్డి కొడవలితో ఒక్కటిచ్చాడు. భుజం మీద తెగింది, నాలుగు కుట్లు పడ్డాయి. రక్తం చూడగానే కొడవలి అక్కడే పడేసి ఇంటికి పోయాడు. చుట్టూ ఎవరూ లేరు. ఇంకో రెండు వేటులు వేయాలంటే ఆపేవాడే లేడు.

రెండోది పాలకేంద్రం దగ్గర. తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు పోయడానికి రోజూ అదే దారిలో వస్తాడని తెలుసు. ఇద్దరు బైక్ పక్కన పెట్టి కాపు కాశారు. వేటకొడవలి గోనెసంచిలో చుట్టి తెచ్చారు. మొదటి వేటు మెడ మీదికే వచ్చింది. మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు, ముంజేయి తెగింది. మళ్లీ ఎత్తారు. అప్పటికి పాలకేంద్రంలో ఉన్నవాళ్లు కేకలేసుకుంటూ పరుగెత్తి వచ్చారు, వీళ్లు బైకెక్కి ఉడాయించారు.

వూండ్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పెద్దగా కనబడదు: ఒకడికి భుజం, ఇంకొకడికి ముంజేయి. రెండూ ఆయువుపట్టు కావు. అయినా రెండోది 307. చేతికి తగిలింది మెడకు రావలసిన వేటు. తప్పించుకునేటప్పుడు చేతులకు తగిలే ఇలాంటి గాయాన్ని ‘డిఫెన్స్ వూండ్’ అంటారు. ప్రాసిక్యూషన్‌కు అది బంగారం, ఎందుకంటే వేటు ఎటు వెళ్తోందో అది చెబుతుంది. మొదటి కేసు ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం కింద, అంటే పాత 324, కొత్త 118(1) కింద ఆగిపోయే అవకాశమే ఎక్కువ.

గాయం చిన్నదే అని డాక్టర్ రాశాడు. అలాంటప్పుడు 307 ఎలా నిలుస్తుంది?

నిలవొచ్చు. 1983లో స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర వర్సెస్ బలరాం బామా పాటిల్ కేసులో సుప్రీంకోర్టు సూటిగా చెప్పింది: తగిలిన గాయం ప్రాణం తీసేంతదై ఉండక్కర్లేదు. గాయం తీరు ఉద్దేశాన్ని ఊహించడానికి బాగా సాయపడుతుంది, అంతే. గాయంతో పని లేకుండా మిగతా పరిస్థితులనుబట్టి కూడా ఉద్దేశం తేల్చవచ్చు. 2019లో స్టేట్ ఆఫ్ మధ్యప్రదేశ్ వర్సెస్ కన్హా కేసులోనూ, తీవ్రగాయమో ప్రాణాంతక గాయమో రుజువు కావాలన్న షరతు లేదని మళ్లీ చెప్పింది.

ఇది విని ఫిర్యాదుదారులు సంబరపడతారు. తొందరపడొద్దు, రెండో వైపు తీర్పులూ అంతే ఉన్నాయి. 1965 నాటి సర్జు ప్రసాద్ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్ చూడండి. కత్తి పోటు ఆయువుపట్టు ఉన్న చోటే దిగింది, కానీ లోపల ముఖ్యమైన అవయవం ఏదీ తెగలేదు. అంతమాత్రాన 307 పోదని కోర్టు అంటూనే, ఆ కేసు పరిస్థితుల్లో చంపే ఉద్దేశం తేలలేదని 324కి దించింది. 2023లో శివమణి కేసులో గాయాలు సాధారణమైనవి, పదేపదే బలంగా కొట్టిన దాఖలా లేదని సుప్రీంకోర్టు 307ని పక్కనపెట్టి 323 (మామూలు గాయం), 324 కింద శిక్ష వేసింది.

గాయం చిన్నదైనప్పుడు మిగతా సాక్ష్యం మీద బరువంతా పడుతుంది. గాయం మాట్లాడనప్పుడు ఇంకేదో మాట్లాడాలి.

మరి గాయం పెద్దదైతే? తల పగిలి మంచాన పడితే 307 ఖాయమేగా?

ఖాయమేమీ కాదు, ఇదే జనానికి మింగుడుపడనిది. హరి సింగ్ వర్సెస్ సుఖ్‌బీర్ సింగ్ కేసులో దెబ్బలు తిన్న మనిషికి మాటే దెబ్బతింది. అయినా 307 కింద హైకోర్టు ఇచ్చిన విడుదలలో 1988లో సుప్రీంకోర్టు వేలు పెట్టలేదు. బాధితుడికి ఇచ్చే పరిహారాన్ని మాత్రం 50,000 రూపాయలకు పెంచింది. గాయం ఎంత ఘోరమైనదో కొలవడానికి 325, 326 ఉన్నాయి, ఇప్పుడు 117, 118. వాటి కొలమానం గాయం, 307 కొలమానం మనసు.

అసలు గాయమే తగల్లేదు. తూటా పక్కనుంచి పోయింది. అప్పుడు?

అప్పుడూ నేరమే. గాయం లేకపోతే పదేళ్ల వరకు జైలు, జరిమానా. గాయమైతే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. చట్టంలోనే ఉదాహరణ ఉంది: చంపడానికి తుపాకీ కొన్నవాడు ఇంకా ఈ నేరం చేయలేదు, తుపాకీ నింపాడు, అప్పుడూ చేయలేదు, కాల్చాడు, చేసేశాడు.

దీనికి నాకు బాగా ఇష్టమైన కేసు 1931 నాటిది. పుణె ఫెర్గూసన్ కాలేజీకి వచ్చిన బొంబాయి తాత్కాలిక గవర్నర్ సర్ ఎర్నెస్ట్ హాట్సన్ మీద వాసుదేవ్ బల్వంత్ గోగటే అనే విద్యార్థి బాగా దగ్గరినుంచి రివాల్వర్‌తో కాల్చాడు. గవర్నర్ బతికి బయటపడ్డాడు. తూటాల్లో లోపమో, జేబులో ఉన్న తోలు పర్సూ అందులోని నోట్లూ అడ్డుపడ్డాయో, మొత్తానికి తూటా దిగలేదు. "నేను చేసిన పని ప్రాణం తీయనే లేదుగా" అన్న వాదన బొంబాయి హైకోర్టులో నిలవలేదు. మామూలుగా ప్రాణం తీసే పనే చేశాడు, అనుకోని అడ్డంకి వచ్చింది, అంతే.

పాత కేసుల్లో దీనికి ఎదురుగా నిలబడేది 1867 నాటి క్యాసిడీ కేసు. తుపాకీ పేలడానికి కావలసిన క్యాప్ లేదు, అది తెలియక ట్రిగ్గర్ నొక్కాడు. పేలే దారే లేని తుపాకీతో 307 కుదరదు, ఏ నేరానికైనా వర్తించే ప్రయత్నం సెక్షన్ 511 కింద ప్రయత్నమే అవుతుందని బొంబాయి హైకోర్టు అంది. 1891లో అలహాబాద్ హైకోర్టు నిద్ధా కేసులో ఆ దారిన పోలేదు. ఇవాళ మన దగ్గర నాటు తుపాకీ పేలని కేసుల్లో ఈ రెండూ బల్ల మీదికి వస్తాయి.

ఏ క్షణంలో ‘సిద్ధపడటం’ ఆగి ‘ప్రయత్నం’ మొదలవుతుంది?

విషం ఉదాహరణ తీసుకుంటే తేలిక. పురుగుమందు కొని, అన్నంలో కలిపి, గిన్నె తన దగ్గరే పెట్టుకున్నంతవరకు 307 లేదు. ఆ గిన్నె తీసుకెళ్లి అవతలివాడి ముందు పెట్టాడా, వడ్డించమని పనిమనిషికి ఇచ్చాడా, నేరం అయిపోయింది. తిన్నాడా లేదా అన్నది తర్వాతి సంగతి. విషం కేసుల్లో ఆసుపత్రిలో కడుపు కడిగిన నీళ్లు సీసాలో పెట్టి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపారా లేదా అన్నది ముందు కనుక్కోండి. ఆ సీసా లేకపోతే ఉద్దేశం సంగతి దేవుడెరుగు, విషం ఉందన్నదే నిలబడదు.

చివరి దెబ్బ దాకా ఆగక్కర్లేదు కూడా. లూథియానాలో ఒక భర్త భార్యకు తిండి పెట్టకుండా ఇంట్లో బంధించి మాడ్చాడు. 1956లో ఆమె ఎలాగో బయటపడి సివిల్ ఆసుపత్రికి చేరింది. 1961లో ఓం ప్రకాశ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ పంజాబ్‌గా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. "ఇంకా కొన్నాళ్లు మాడితే తప్ప చనిపోయేది కాదు, కాబట్టి ప్రయత్నం పూర్తి కాలేదు" అన్నది భర్త వాదన. చంపే ఉద్దేశంతో ఆ దిశగా చేసిన పని చాలు, అది ఆఖరి పనే కానక్కర్లేదని కోర్టు 307 ఖాయం చేసింది. ఆయుధం లేదు, రక్తం లేదు, ఒక్క దెబ్బా లేదు. ఉద్దేశం మాత్రం రోజూ పూటపూటకూ బయటపడుతూనే ఉంది.

"చంపేస్తా" అని అరిచాడు. అది చాలదా?

తెలుగువాళ్లలో ఆ మాట అననివాడెవడు? పాలు ఒలకబోసిన పిల్లాణ్ణి తల్లి కూడా "చంపేస్తా వెధవా" అంటుంది. ఆ మాటకు బరువు రావాలంటే వెంట చేత కూడా ఉండాలి. "నిన్ను ఇవాళ వదలన్రా" అంటూ గొడ్డలి మెడ మీదికి దించితే మాటా చేతా ఒకటవుతాయి. "చంపేస్తా" అంటూ కర్రతో పిర్ర మీద కొడితే ఆ మాట ఊతపదమే.

ఇంకో తంటా ఉంది. ఫిర్యాదులో లేని "చంపండిరా" అనే కేక కోర్టు వాంగ్మూలంలో హఠాత్తుగా పుడుతుంది. పక్కనుండి ఎగదోశాడన్న సాక్ష్యం స్వభావరీత్యా బలహీనమైనదని ఎప్పుడో జైనుల్ హక్ కేసులోనే సుప్రీంకోర్టు అంది. పెద్దాయన్ని కేసులో ఇరికించడానికి వాడే పాత చిట్కా ఇదని జడ్జీలకు తెలియనిదేమీ కాదు.

పాత పగ రుజువు చేయకపోతే కేసు పోతుందా?

చూసినవాళ్లు ఉన్నప్పుడు పోదు. మోటివ్ ఉంటే ఉద్దేశానికి దన్ను, లేకపోతే లోటు, అంతవరకే. పాత సివిల్ దావా, ఎన్నికల గొడవ, పెళ్లి తగాదా ఏదైనా సరే కాగితం ఉంటే దాఖలు చేయండి. కానీ పగ రెండంచుల కత్తి. "పగ ఉంది కాబట్టే కొట్టాడు" అని మీరంటే, "పగ ఉంది కాబట్టే ఇరికించారు" అని అవతలివాడంటాడు.

డాక్టర్ సాక్ష్యంలో దేన్ని చూసుకోవాలి?

కేసు చాలాసార్లు ఇక్కడే గట్టిపడుతుంది లేదా జారిపోతుంది. పోలీసుల చార్జిషీటు కంటే ముందు నేను ఆసుపత్రి కాగితాలే చదువుతాను.

మొదట చూడాల్సింది క్యాజువాలిటీలో రాసిన మొదటి రెండు వరుసలు: ఎన్ని గంటలకు వచ్చాడు, ఎవరు తెచ్చారు, ఎలా జరిగిందని చెప్పాడు. కంగారులో వెంట వచ్చిన బావమరిది "బండి మీంచి పడ్డాడు" అని చెప్పేస్తాడు, ముందు వైద్యం చేయించుకుందాం, కేసు తర్వాత చూద్దాం అని. ఏడాదిన్నర తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ వరుస చదివి వినిపించినప్పుడు బోనులో ఉన్నవాడి మొహం చూడాలి. ‘గుర్తుతెలియని వ్యక్తులు కొట్టారు’ అని ఉన్నా అంతే.

తర్వాత గాయం కొలత. ‘తలపై గాయం’ అంటే ఏమీ తెలియదు. ‘ఎడమ చెవికి పైన, 6 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు, ఎముక లోతు’ అని ఉంటే దెబ్బ బలం కనిపిస్తుంది. ఎముక విరిగిందని రాస్తే దానికి ఎక్స్‌రేనో సీటీ స్కానో ఉండాలి, ఆ ఫిల్మూ, రిపోర్టూ కోర్టుకు రావాలి. రాకపోతే తీవ్రగాయం అన్నదే ఊగిసలాడుతుంది. ఇక ఇన్ని రోజులు విపరీతమైన నొప్పితో పనులు చేసుకోలేకపోతే తీవ్రగాయం అన్న లెక్క ఐపీసీలో 20 రోజులు, బీఎన్‌ఎస్‌లో 15 రోజులకు తగ్గింది.

బోనులో డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి, పబ్లిక్ ప్రాసిక్యూటర్లు హడావిడిలో వదిలేస్తుంటారు. ఒకటి: ఈ గాయం మామూలుగా అయితే ప్రాణం తీయగలదా, వెంటనే వైద్యం అందకపోతే ఏమయ్యేది? రెండు: కోర్టులో ఉన్న ఈ ఆయుధంతో ఈ గాయం అవుతుందా? ఆయుధాన్ని డాక్టర్‌కు చూపించి అడగడం ప్రాసిక్యూషన్ బాధ్యత అని 1976లో ఈశ్వర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సీలు వేసిన గోనెసంచి విప్పకుండానే డాక్టర్‌ను పంపించేసిన కేసులు నేనే చూశాను. అయితే ఒకటి, డాక్టర్ గాయం గురించి చెప్పగలడు గానీ ఉద్దేశం గురించి చెప్పలేడు. ‘చంపే ఉద్దేశంతో చేసిన గాయం’ అని ఆయన రాసినా దానికి విలువ లేదు.

చనిపోతాడనుకుని మేజిస్ట్రేట్ మరణవాంగ్మూలం తీసుకున్నారు, మనిషి బతికాడు. ఆ కాగితం ఏమవుతుంది?

బతికాడు కాబట్టి అది మరణవాంగ్మూలం కాదు. అలాగని చెత్తబుట్టలోకీ పోదు. ఆయన కోర్టులో చెప్పేదానికి బలంగా, ముందు చెప్పిన మాటగా వాడుకోవచ్చని మఖ్సూదన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందులో ఒకటి చెప్పి కోర్టులో ఇంకోటి చెబితే మాత్రం అదే కాగితం ఎదురుతిరుగుతుంది. గాయపడ్డవాడి సాక్ష్యానికి విలువెక్కువే. అక్కడే ఉన్నాడనడానికి ఒంటి మీద ముద్ర ఉంది కాబట్టి గట్టి కారణం లేనిదే కోర్టు తోసిపుచ్చదు.

సాక్షులు అడ్డం తిరిగారు. ఇంక కేసు లేనట్టేనా?

ఊళ్లో రాజీ కుదిరితే అందరికంటే ముందు అడ్డం తిరిగేది పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తులు. "పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టాను" అనేస్తారు. అయినా సాక్షుల సంఖ్య చట్టానికి పట్టదు, నమ్మదగినవాడు ఒక్కడు చాలని 1957లో వడివేలు తేవర్ కేసు నుంచీ ఉన్న మాట. హాస్టైల్ అయిన సాక్షి చెప్పిందాంట్లో కూడా మిగతా సాక్ష్యంతో సరిపడే ముక్కను కోర్టు తీసుకోవచ్చు. బాధితుడే అడ్డం తిరిగితే మాత్రం మిగిలేది దాదాపు సున్నా.

ఆయుధం దొరకలేదు. సీసీటీవీ ఉంది.

నమ్మదగిన కంటి సాక్షి ఉంటే ఆయుధం దొరక్కపోయినా శిక్ష పడొచ్చు. వీడియో ఉద్దేశం తేల్చడానికి అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం: ఎన్ని దెబ్బలు, ఎటు గురి, ఎవరు ఆపారు, అన్నీ అందులోనే ఉంటాయి. కానీ దానికి భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో అది 65బి. కిరాణా కొట్టు కెమెరాలో ఫుటేజీ కొద్ది రోజులకే చెరిగిపోతుంది. అది మా పోలీసాయన తీసుకుంటాడులే అని కూర్చోకుండా, ఫలానా కొట్టు కెమెరాలో ఉందని మొదటిరోజే రాసివ్వండి.

తాగి ఉన్నాడు, ఏం చేశాడో తెలియదు అంటున్నారు.

తనంతట తాను తాగినవాడికి ఆ సాకు నడవదు. 1956 నాటి బస్‌దేవ్ కేసులో పెళ్లి విందులో కుర్చీ విషయమై మాటొచ్చి, తాగి ఉన్న మాజీ సైనికుడు ఒక కుర్రాణ్ణి కాల్చాడు. తడబడుతున్నా నడవగలిగాడు, మాట్లాడగలిగాడు, కాబట్టి ఉద్దేశం పెట్టుకోలేనంత మత్తులో లేడని హత్యే ఖాయమైంది.

కొట్టింది ఒకడు, చేతులు పట్టుకున్నది ఇద్దరు. ముగ్గురికీ 307 పడుతుందా?

ఉమ్మడి ఉద్దేశం తేలితే పడుతుంది: పాత 34, ఇప్పుడు 3(5). అయిదుగురు, ఆపైన గుంపుగా వస్తే పాత 149, ఇప్పటి 190. పట్టుకున్నవాడికి అవతలివాడి చేతిలో కత్తి ఉందని తెలుసా అన్నదే కీలకం. ఇంట్లోంచి ముగ్గురూ కలిసి ఆయుధాలతో వచ్చారంటే ఒక లెక్క, గొడవ విడదీయబోయి మధ్యలో చెయ్యి పట్టుకున్నాడంటే ఇంకో లెక్క. ఇక ఒకణ్ణి చంపబోతే దెబ్బ ఇంకొకడికి తగిలినా ఉద్దేశం తగిలినవాడి ఖాతాలోకే బదిలీ అవుతుంది.

హఠాత్తుగా రెచ్చిపోయి కొట్టాడు. అదీ 307నేనా?

‘చనిపోయి ఉంటే హత్య అయ్యేదా’ అన్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టబడటం, ముందస్తు ఆలోచన లేని కొట్లాట లాంటివి హత్యకు మినహాయింపులు. ఆ పరిస్థితిలో చనిపోయినా హత్య కాదు, శిక్షార్హమైన నరహత్య అవుతుంది. కాబట్టి ప్రయత్నమూ ఒక మెట్టు దిగి పాత 308, ఇప్పటి 110 అవుతుంది: మూడేళ్ల వరకు, గాయమైతే ఏడేళ్ల వరకు. డిఫెన్సువాళ్లు పూర్తి విడుదల కోసం పట్టుబట్టి దీన్ని అడగడమే మరచిపోతారు, నష్టపోతారు.

307 రుజువు కాకపోతే వదిలేస్తారా?

కొట్టినట్టు తేలితే వదలరు. పెద్ద నేరం మోపినా, రుజువైన చిన్న నేరానికి శిక్ష వేసే అధికారం కోర్టుకుంది. మామూలు గాయం 115(2), ఆయుధంతో గాయం 118(1), తీవ్రగాయం 117(2), ఆయుధంతో తీవ్రగాయం 118(2). మా అనుభవంలో 307గా మొదలైన కేసులు చాలా వరకు ఈ నాలుగింట్లో ఏదో ఒకదాని దగ్గర దిగుతాయి.

307 నిలిస్తే కనీస శిక్ష అంటూ లేదు. యావజ్జీవమైనా వేయాలి, లేదా పదేళ్ల లోపు వేయాలి, మధ్యలో పద్నాలుగేళ్లు లాంటివి కుదరవని 2024లో అమిత్ రాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పెద్దమనుషుల్లో రాజీ అయ్యాం. లోక్ అదాలత్‌లో కొట్టేయించుకోవచ్చా?

కుదరదు. 307 రాజీకి వీల్లేని నేరం. రాజీ కాగితాలతో హైకోర్టుకు వెళ్లి కేసు రద్దు చేయమని అడగొచ్చు, ఇచ్చేదీ ఇవ్వనిదీ వాళ్ల విచక్షణ. నరీందర్ సింగ్ (2014), లక్ష్మీనారాయణ్ (2019) తీర్పులు దారి చూపించాయి. 307 తీవ్రమైన నేరమే, సమాజం మీద జరిగిన నేరంగానే చూడాలి. అలాగని ఎఫ్‌ఐఆర్‌లో 307 అంకె కనబడగానే తలుపు మూసేయనక్కర్లేదు. గాయం ఎక్కడ, ఆయుధం ఏంటి, నిజంగా 307కి సరుకుందా అని దర్యాప్తులో బయటపడ్డదాన్ని బట్టి చూడాలి. చూశారుగా, రాజీ అడిగినా మళ్లీ ఉద్దేశం దగ్గరికే వచ్చి ఆగుతాం.

బెయిల్?

నాన్ బెయిలబుల్, సెషన్స్ కోర్టు విచారించే నేరం. ముందస్తు బెయిల్ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 482 కింద అడగొచ్చు. గాయమైన కేసులో యావజ్జీవం దాకా శిక్ష ఉంది కాబట్టి చార్జిషీటుకు 90 రోజుల గడువు. అది దాటితే బెయిల్ హక్కుగా వస్తుంది, అయితే చార్జిషీటు పడకముందే అడగాలి.

వాళ్లూ మా మీద కౌంటర్ కేసు పెట్టారు.

పెడతారు. ఒకే గొడవ మీద రెండు కేసులుంటే ఒకే జడ్జి ఒకదాని తర్వాత ఒకటి విని, తీర్పులు ఒకేసారి ఇవ్వాలని 1990లో నత్థీలాల్ కేసులో చెప్పారు. నిందితుల ఒంటి మీద ఉన్న గాయాలకు మీ కథలో జవాబు లేకపోతే, వాళ్ల ఆత్మరక్షణ వాదనకు మీరే దారి వేసినట్టు.

ఫిర్యాదులో ‘చంపాలనే ఉద్దేశంతో’ అని రాయాలా?

రాయండి, తప్పేం లేదు, స్టేషన్ బయట అర్జీలు రాసేవాళ్లు ఎలాగూ అది అచ్చేసినట్టు రాస్తారు. ఆ ముక్కను జడ్జిగారు చదివి పేజీ తిప్పేస్తారు. దాని బదులు జరిగింది రాయండి. ఎన్ని గంటలకు, ఎటువైపు నుంచి వచ్చాడు, చేతిలో ఏముంది, దాన్ని ఎక్కడి నుంచి తీశాడు, మొదటి దెబ్బ ఎక్కడికి వచ్చింది, మీరు ఎలా తప్పించుకున్నారు, రెండోసారి ఎత్తాడా, ఆపింది ఎవరు. ‘మళ్లీ ఎత్తాడు, ఎదురింటాయన వెనకనుంచి నడుం పట్టుకుని లాగాడు, కత్తి గచ్చు మీద పడింది’ అని ఉందనుకోండి, ఆ ఎదురింటాయన పేరూ, ఆయన ఫోన్ నంబరూ కూడా అదే కాగితంలో ఉండేలా చూసుకోండి.